ఫసలీ 1357



నా చిన్నతనమున రుద్రూరులో మా వీధియందు ఇద్దఱు వృద్ధురాండ్రు ఉండెడివారు. ఒకరు మా నాయనమ్మ. మఱొకరు దూదేకుల యింటి ముసలమ్మ. ఆమెను వీధిలోని పిల్లలమందఱమును పెద్దమ్మ యనియే పిలిచెడివారము. ఇద్దఱికిని చదువు రాదు. పంచాంగములోని సంవత్సర నామములు గాని, ఇంగ్లీషు తేదీలు గాని వారికి పట్టవు. ఒక యేటి వఱదయో, గత్తరయో, పెద్ద కఱవో గుర్తుగా పెట్టుకొని కాలమును లెక్కించెడివారు. మా చిన్న మేనత్త "రజాకార్ల యేట" పుట్టినదని నాయనమ్మ చెప్పెడిది. తన తమ్ముడు "పోలీసాక్షను యేట" పోయినాడని పెద్దమ్మ చెప్పెడిది. అవి రెండు వేర్వేఱు సంవత్సరములని నేననుకొంటిని. బడిపంతులనై, పాత దఫ్తరులను పాత పుస్తకములను తిరుగవేయు అలవాటు పడిన పిమ్మట గాని, ఇద్దఱు చెప్పినదియు ఒక్క సంవత్సరమే యని నాకు తెలియలేదు. ఆ సంవత్సరము ఫసలీ 1357.

నిజాము ప్రభుత్వపు కాగితములందు ఫసలీ సంవత్సరము ఆజూరు మాసముతో, అనగా అక్టోబరు మొదటి వారమున మొదలై, ఆబాను మాసముతో ముగియుచుండెను. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో అది మొదలగు ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. కావున 1357 అనగా 1947 అక్టోబరు మొదలు 1948 అక్టోబరు వఱకు. మన పంచాంగము చొప్పున సర్వజిత్తులో ఉత్తరార్ధము, సర్వధారిలో పూర్వార్ధము. ఆ పండ్రెండు నెలల కథను మన గ్రామములలో పెద్దలు చెప్పగా పలుమాఱులు వింటిని. చెప్పువారెవరో దానినిబట్టి కథ ఒకచోట మొదలగును, ఒకచోట ఆగిపోవును. మొదటినుండి తుదివఱకు వరుసగా చెప్పినవారు అరుదు. నేడు ఆ వరుస చెప్పుటకు పూనుకొంటిని.

ముందుగా రాజ్యము సంగతి. హైదరాబాదు సంస్థానము రమారమి 82,000 చదరపు మైళ్ల వైశాల్యము గలది. 1941 జనాభా లెక్కలలో కోటి అరువది లక్షలకు మించిన జనము. జిల్లాలు పదునాఱు: తెలంగాణమున ఎనిమిది, మరాఠవాడలో ఐదు, కన్నడ భాగమున మూడు. భూమిలో నూటికి అరువది పాళ్లు దివానీ. పది పాళ్లు నిజాము సొంత ఖర్చులకైన సర్ఫెఖాసు. తక్కిన ముప్పది పాళ్లు జాగీరుదారుల క్రింద నుండెను. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో దేశముఖుల గడీలు, వెట్టిచాకిరి, నాగులపై ధాన్యమిచ్చి పుట్లు లాగుకొనుట, ఇవన్నియు మీరెఱిగినవే. మన బోధను ప్రాంతపు తీరు కొంత వేఱు. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసెను. కాలువ నీటిని వెదకుకొనుచు కృష్ణా గోదావరి తీరముల నుండి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. చేతిలో చెఱకు పైకముండెను, చెంత రైలుబండి యుండెను. ఆ యేడే, 1937లో, ఆంధ్ర మహాసభ ఆఱవ సమావేశము మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను నిజామాబాదులో జరిగెను. కావున మన జిల్లా నిద్రపోవుచుండెనని ఎవరును అనుకొనరాదు.

బోధనును ఏకచక్రపురమని మన పెద్దలు చెప్పుదురు. భీముడు బకాసురుని చంపిన చోటు అదియే యని ఈ ప్రాంతపు నమ్మకము. బండెడు అన్నము, రెండు దున్నలు, ఒక మనుష్యుడు వంతున ఊరివారు రాక్షసునకు పంపుచుండిరని కథ. అయితే సంస్కృత భారతమున ఆ బ్రాహ్మణుడు కుంతితో చెప్పిన మఱొక మాట కలదు. దానిని పురాణము చెప్పువారు తఱచుగా విడిచివేయుదురు. ఈ దేశమునకు రాజు లేక కాదు, వేత్రకీయగృహమను చోట నున్నాడు, కాని ప్రజను కాపాడు నేర్పు లేనివాడు, అందువలననే మాకీ గతి యని ఆతడు వాపోవును. ఫసలీ 1357లో మన రాజునకు సైన్యము కలదు, ధనము కలదు, ప్రపంచ ధనికులలో ఒకడను పేరు కలదు. లేనిది ఏదియో ఆ బ్రాహ్మణుడు చెప్పియే యున్నాడు.

ఆ సంవత్సరము పుట్టక మునుపే బీజములు పడెను. 1947 జూనులో నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను, బ్రిటీషువారు వెడలిన పిమ్మట తాను స్వతంత్రుడనగుదునని ఫర్మానా యిచ్చెను. ఆగస్టు 7వ తేదీన స్టేట్ కాంగ్రెసువారు ఇండియా యూనియనులో చేరవలెనని దినము పాటించిరి. ఆగస్టు 15న దేశమంతట జెండా యెగురగా, ఇచ్చట జెండా యెత్తినవారు చెఱసాలకు పోయిరి. స్వామి రామానంద తీర్థులవారిని ఆనాడే నిర్బంధించిరి. సెప్టెంబరు 2న పరకాలలో జెండా యెత్తవచ్చిన జనముపై తుపాకులు ప్రేల్చిరి. సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీను మువ్వురును సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. అంతకు పూర్వమే, 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు కూలినది మొదలు, అచ్చట నిప్పు రాజుకొనియే యున్నది.

ఆజూరు మాసము వచ్చెను. రాజ్యము తరఫున ఢిల్లీతో సంప్రతింపులు జరుపుచుండినవారు ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టను, సర్ సుల్తాన్ అహమ్మదు. ఒడంబడికకు చిత్తు సిద్ధమై, వారు విమానమెక్క బోవుచుండగా, అక్టోబరు 27 తెల్లవాఱుజామున వేలకొలది జనము వారి యిండ్లను చుట్టుముట్టెను. ప్రయాణము ఆగిపోయెను. ఛత్తారీ నవాబు పదవిని విడిచెను. ఆ గుంపును నడపినవాడు లాతూరు వకీలు కాసిం రజ్వీ. మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీనుకు అధ్యక్షుడు. రజాకార్లను స్వచ్ఛంద దళమునకు నాయకుడు. రజాకారనగా స్వచ్ఛందసేవకుడని అర్థము. మాట మంచిదే, మనుష్యులు చేసిన పనివలన అది మన భాషలో తిట్టుగా మాఱినది. ఇంతకును ఆ ఉదయమున జరిగిన దానిలో ముఖ్యమైనది ఇది: రాజు పంపిన రాయబారులను రాజధానిలోనే ఒక వకీలు ఆపగలిగెను, రాజు ఊరకుండెను. రాజ్యము ఎవరి చేతిలో నున్నదో ఆ దినముననే బయటపడెను. తక్కిన పదునొకండు నెలలు దాని ఫలమే.

నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరెను. ఒక సంవత్సరము పాటు ఉన్నది ఉన్నట్లుండవలెనని దాని సారము. పారిశ్రామికుడైన మీర్ లాయఖ్ అలీ ప్రధానియయ్యెను. డిసెంబరు 4న కింగుకోఠి దాపున నారాయణరావు పవారను యువకుడు నిజాము కారుపై బాంబు విసరెను. నిజామునకు అపాయము కలుగలేదు. జనవరిలో ఇండియా ప్రభుత్వ ప్రతినిధిగా కె. ఎం. మున్షీ వచ్చి బొల్లారమున దిగెను. అప్పటికే ఒడంబడికకు బీటలు వాఱెను. ఇండియా రూపాయి రాజ్యములో చెల్లదనియు, బంగారము వెండి ఎల్లలు దాటరాదనియు ఉత్తరువులు పుట్టెను. ఇండియా ప్రభుత్వపు పత్రముల రూపమున పాకిస్తానునకు ఇరువది కోట్ల రూపాయల అప్పు ఇచ్చినట్లు తెలిసెను. ఆ నాడు నూఱు ఇండియా రూపాయలకు సుమారు నూటపదహాఱు హాలీ సిక్కా రూపాయలు మారకము. సరిహద్దున నుండు మనవంటి వారికి ఈ ఉత్తరువుల బరువు పట్టణమువారికంటె ముందు తెలిసి యుండును. బోధనునుండి సాలూర కడ మంజీర దాటినచో ఆవల నాందేడు జిల్లా. అదియు నిజాము రాజ్యమే. కాని దానిని దాటినచో బేరారు, ఆ పిమ్మట ఇండియా. సంతలకు, సంబంధములకు, దేవుళ్లకు మన జనము అటు పోవుటయు అటువారు ఇటు వచ్చుటయు అనాదినుండి కలదు. కరోడుగిరి నాకా దాటినవాడు సంచిలోని రూపాయికి కూడ సంజాయిషీ చెప్పవలసి వచ్చెను.

ఆ నాకాల పైననే స్టేట్ కాంగ్రెసువారి కన్ను. ఎల్లలకు ఆవల వారు శిబిరములు పెట్టిరి. ఇటు వచ్చి ఈత చెట్లు నఱకుట, నాకాలను తగులబెట్టుట, దఫ్తరులు కాల్చుట వారి కార్యక్రమము. నిజామాబాదునుండి బాసర, ధర్మాబాదు దాటినచో ఉమ్రీ యను స్టేషను వచ్చును. 1948 జనవరి 30న ఆ ఉమ్రీలో హైదరాబాదు స్టేటు బ్యాంకు శాఖపై పడి వారు లక్షల రూపాయలు తీసికొనిపోయిరి. సరిగా ఆ సాయంకాలమే ఢిల్లీలో గాంధీమహాత్ముని హత్య జరిగెను. ఉమ్రీ సంగతి మనవారిలో తెలిసినవారు తక్కువ. ఆ దినమున వినవలసిన వార్త మఱొకటి యుండెను గదా.

చెఱసాలలు నిండెను. మన నిజామాబాదు ఖిల్లా జైలులో ఆ యేడు ఇద్దఱు సాహిత్యపురుషులు కలిసిరి. ఒకరు వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసికొని ఊరూర తిరిగి అమ్మినవాడు. మఱొకరు దాశరథి కృష్ణమాచార్యులు, అప్పటికి ఇరువదిమూడేండ్లవాడు. కాగితము కలము లేని చోట దాశరథి బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసిన సంగతి తెలుగు దేశమున తెలియనివారు లేరు. నేను తరగతిలో ఆ పాఠము చెప్పునపుడు పిల్లలు ఒక ప్రశ్న వేసెడివారు: "సార్, గోడ కడిగేస్తే పద్యం పోదా?" పద్యము పోలేదు. దానిని ఆళ్వారుస్వామివంటి వారు చూచిరి, చదివిరి, మనసున పెట్టుకొనిరి. ఛందస్సు ఎందులకని అడుగు నేటి పిల్లలకు ఇంతకంటె నేను చెప్పగల సమాధానము లేదు.

ఇక గ్రామముల స్థితి. ఇచ్చట కొంత నిలిచి చెప్పవలెను. ఆ యేటి చరిత్ర నగరమున కాదు, గ్రామముననే నడిచినది. నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం మెట్టు వైపున పగలు ఒక ప్రభుత్వము, రాత్రి ఒక ప్రభుత్వము. పగలు పోలీసు, పటేలు, పట్వారి, వెనుక రజాకార్లు. రాత్రి సంఘము, దళము. సంఘమువారు వెట్టి మాన్పించిరి, అప్పు పత్రములు చింపిరి, దేశముఖుల భూములు పంచిరి. సుమారు మూడువేల గ్రామములలో పది లక్షల ఎకరములు పంచితిమని ఉద్యమ నాయకులు పిమ్మట లెక్క చెప్పిరి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలమును, పంటను దేశమునకెల్ల ఆనవాలుగా నిలిపినది అంతకు పూర్వమే. కాని దళము వచ్చి పోయిన ఊరికి తెల్లవాఱి రజాకార్లు వచ్చుచుండిరి. అన్నము పెట్టినవాడెవడని అడుగుచుండిరి. పెట్టలేదన్నచో దెబ్బలు, పెట్టితినన్నచో ఇల్లు కాలును. దళమునకు రహస్యము చెప్పలేదనియు, పోలీసునకు చెప్పినాడనియు అనుమానము వచ్చిన పట్వారికి ఇరువైపుల భయమే. ఆ భయములో పల్లె విడిచి పట్టణమునకును, ఎల్లలు దాటి ఇండియాలోనికిని పోయిన కుటుంబములకు లెక్క లేదు. నిండు చూలాండ్రు జొన్నచేలలో దాగిన రాత్రులు మా నాయనమ్మ తరము వారికి కథలు కావు.

రజాకార్ల దౌర్జన్యమును కేవలము మతము పేరిట చెప్పుట మనకు అలవాటైనది. అది సగము నిజము. వారి మాటలు మతము మాటలే, వారి కసి పెక్కుమాఱులు హిందువుల మీదనే. కాని వారికి గడీ తలుపులు తెఱచినవారిలో హిందూ దేశముఖులు పెక్కురు కలరు. తమ భూమి దక్కవలెనని వారు వీరిని పిలిచి కూర్చుండబెట్టిరి. అటు వైపున చూచినచో విసునూరు దేశముఖును ఎదిరించి ప్రాణము విడిచిన బందగీ ముసల్మానే. సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిన మువ్వురిలో మఖ్దూం ముసల్మానే. లాయఖ్ అలీ మంత్రివర్గములో హిందువు లుండిరి. వారిలో జోషీ యనువాడు రజాకార్ల చేష్టలు చూచి సహింపక రాజీనామా యిచ్చెను, తక్కినవారు కొనసాగిరి. ఇట్టివి చెప్పినపుడు కొందఱు వినువారికి రుచింపకుండుట నేనెఱుగుదును. వారు నామీద కోపింతురు గాక, జరిగినది మాఱదు.

వేసవి వచ్చెను. మే నెలలో ప్రభుత్వము కమ్యూనిస్టు పార్టీపై నిషేధమును తొలగించెను. నిన్నటి దాక ఎవరిని వేటాడిరో వారిపై నిషేధమును తీసివేయుట చూచి జనము విస్తుపోయిరి. ఇండియా సైన్యము వచ్చునేమో యను భయమున శత్రువునకు శత్రువును దువ్వుటయే దాని యంతరార్థమని నా యూహ. మే 22న గంగాపూరు స్టేషనులో ఆగిన రైలుపై రజాకార్లు పడిరి. జూనులో మౌంట్‌బాటెను తుదిసారిగా ఒక ఒప్పందము ముందుంచగా నిజాము ఒప్పుకొనలేదు. ఆ నెలలోనే మౌంట్‌బాటెను దేశము విడిచి పోయెను. ఎల్లల వెంబడి సరకులు ఆగిపోయెను. పెట్రోలు, మందులు, ఉప్పు, నీటిని శుద్ధిచేయు క్లోరీను, అన్నియు కఱవయ్యెను. సముద్రము లేని దేశమున ఉప్పు లేకుండుట యననేమో వంట చేయువారే చెప్పవలెను. ఇటు రాత్రులందు కరాచీ నుండి సిడ్నీ కాటనను ఆస్ట్రేలియా వైమానికుడు ఆయుధములు నింపిన విమానములను బీదరు, వరంగల్లు విమానాశ్రయములకు నడుపుచుండెను. ఉప్పు రాని రాజ్యమునకు తుపాకులు వచ్చుచుండెను.

ఆగస్టు ఆ యేటిలో కెల్ల కఠినమైన మాసము. ఏడుగురు ముస్లిము ప్రముఖులు బహిరంగముగా ఒక ప్రకటన చేసిరి: రజాకార్లను అణచవలెను, రాజ్యము ఇండియా యూనియనులో చేరవలెను. ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను దానిని అచ్చువేసెను. ఆయన అంతకు పూర్వమునుండియు అదే వ్రాయుచుండెను, బెదిరింపులు వచ్చుచుండెను. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకొని ఇంటికి పోవుచుండగా వీధిలో ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నఱికిరి. వయస్సు ముప్పది నిండలేదు. ఆ మాసముననే 27వ తేదీన భైరాన్‌పల్లి. రజాకార్లను ఎదిరించుటకు ఊరివారు బురుజుపై నగారా పెట్టుకొని, నాటు తుపాకులతో కావలి కాచుచుండిరి. మునుపు రెండుమాఱులు వచ్చినవారిని తిప్పి పంపిరి. ఈ పర్యాయము వారు ప్రభుత్వ సైనికులను వెంట బెట్టుకొని, ఫిరంగితో వచ్చిరి. బురుజు కూలిన పిమ్మట పురుషులను వరుసగా నిలిపి కాల్చిరి. చనిపోయినవారు వందకు అటునిటుగా. ఆ బురుజు మొండి నేటికిని నిలిచియున్నది. చూడనివారు ఒక్కమాఱు చూచి రావలెను.

ఇచ్చట ఒక సంగతి. అదే ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తంతి పంపెను: ఇండియా మాపై పడనున్నది, రక్షింపుడు అని. ఒకవైపు భద్రతా మండలికి విన్నపము, మఱొకవైపు రాజధాని వీధిలో షోయబుల్లాఖాను నెత్తురు. రెండునూ ఒక్క తేదీననే. సెప్టెంబరు 16న పారిసులో మండలి ఆ విన్నపమును చేపట్టునప్పటికి యుద్ధము ముగియవచ్చెను.

ఆబాను మాసము. సెప్టెంబరు 11న జిన్నా మరణించెను. 13వ తేదీ తెల్లవాఱుజామున ఇండియా సేన కదలెను. సోలాపూరు వైపు నుండి మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి, బెజవాడ వైపు నుండి మేజర్ జనరల్ రుద్ర. మొత్తముపై అధికారి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహజీ. మొదటినాటి ఉదయముననే నల్‌దుర్గము చిక్కెను. రజ్వీ చెప్పిన ప్రగల్భములకును, ఈ అయిదు దినములకును పొంత లేదు. రజాకార్లలో పెక్కురు పల్లెటూళ్లలో నిరాయుధులపై విఱుచుకుపడినవారు గాని యుద్ధమెఱిగినవారు కారు. ఈటెలతో ట్యాంకుల కెదురు నిలిచి చచ్చిన అమాయకులును వారిలో కలరు. ప్రధాన సేన నడచిన దారి మన జిల్లా కాదు.

17వ తేదీ సాయంకాలము నిజాము తన జీవితమున మొదటిసారి రేడియో కేంద్రమునకు స్వయముగా వచ్చెను. ప్రభువును ఎట్లు ఆహ్వానింపవలెనో అచ్చటివారికి తోచలేదట. తన సేనలు యుద్ధము మానుచున్నవనియు, ఇండియా సేనను రాజ్యములో నుండనిచ్చుచున్నాననియు ఆయన ప్రకటించెను. ఆ కేంద్రమే డక్కన్ రేడియో. 1950లో ఆలిండియా రేడియోలో కలిసినది. మఱునాడు సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూసు చౌదరికి లోబడెను.

అయిదు దినముల ఆ సేనానడకకు "పోలీసు చర్య" యని పేరు పెట్టిరి. ట్యాంకులు, విమానములు పోయినదానిని పోలీసు చర్య యనుట యేమని పిల్లలు అడుగుదురు. యుద్ధమన్నచో రెండు రాజ్యములు వేర్వేఱని ఒప్పుకొనుట యగును. అది పారిసులోని విన్నపమునకు బలము. పోలీసు చర్య యన్నచో ఇంటిలోని అల్లరిని అణచుట. పేరులోనే వాదమంతయు నున్నది. పల్లెజనము ఆ వాదము నెఱుగక పేరును మాత్రము తీసికొనిరి, పోలీసాక్షను చేసికొనిరి.

సాధారణముగ మన వైపు పెద్దలు కథను ఇచ్చట ముగింతురు. జెండా యెగిరెను, చెఱసాలలు తెఱచిరి, స్వామి రామానంద తీర్థులవారు విడుదలయైరి, ఇంతే. ఇది అబద్ధము కాదు. ఆ సంతోషమునకు మన తాతలు అర్హులు. అయితే సంవత్సరము ముగియుటకు ఇంకను పదునెనిమిది దినములున్నవి. ఆ దినములలోను, తరువాతి వారములలోను జరిగినది దూదేకుల పెద్దమ్మ లెక్కలోనిది.

రజాకార్లు పాఱిపోయిరి, లేదా పట్టుపడిరి. వారి పేరిట చెల్లించవలసిన లెక్క వారి మతమువాడను ఒక్క కారణమున సామాన్యునిపై పడెను. ఆ వార్తలు విని కేంద్ర ప్రభుత్వము పండిత సుందర్‌లాలు, కాజీ అబ్దుల్ గఫారు మొదలగువారిని పంపగా, వారు నవంబరు చివర నుండి డిసెంబరు మూడవ వారము దాక రాజ్యమెల్ల తిరిగిరి. ఎక్కువ బాధపడినవి నాలుగు జిల్లాలనిరి: ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు. మొత్తము చనిపోయినవారు ఇరువదియేడు వేలకును నలువది వేలకును నడుమ నుందురని వారి అంచనా. కొన్నిచోట్ల సైనికులే మగవారిని ఇండ్లనుండి వెడలదీసి చంపిరనియు, పెక్కుచోట్ల అదే సైన్యము వారిని కాపాడెననియు, రెండునూ వ్రాసిరి. ఆ నివేదికలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపినది మఱొకటి. కొన్ని ఊళ్లలో హిందూ నేతవారు తమ తోటి ముసల్మాను నేతవారిని కాపాడుటకై సొంత మతమువారికే ఎదురు నిలిచి, ఆ పనిలో తమ ప్రాణములు కూడ పోగొట్టుకొనిరని అందున్నది. మగ్గము ప్రక్క మగ్గము పెట్టుకొని బ్రతికినవారు వారు. భైరాన్‌పల్లి బురుజునకు నమస్కరించు మనము ఆ నేతవారి ఊళ్ల పేరులు కూడ వెదకి తెలిసికొనవలసి యున్నది.

ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. అరువది యేండ్లకు మించి అది కట్టలలో నుండెను. 2013 ప్రాంతమున గాని ఢిల్లీలో చదువగోరినవారికి అందలేదు. దాచుటకు నాడు వారు చెప్పుకొనిన కారణము శాంతి కావచ్చును. కాని దాచినందువలన నాందేడులోని పిల్లవానికిని తెలియలేదు, రుద్రూరులోని పిల్లవానికిని తెలియలేదు. తెలియనిచోట ఎవరికి తోచిన అంకె వారు చెప్పుకొనిరి.

మిగిలినది త్వరగా చెప్పెదను. చౌదరి సైనిక గవర్నరయ్యెను. 1949 ఆగస్టులో జాగీరులు రద్దయ్యెను. 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. నిజాము 1950 జనవరి 26న రాజప్రముఖుడై 1956 దాక కొనసాగెను. లాయఖ్ అలీ గృహనిర్బంధమునుండి 1950లో తప్పించుకొని పాకిస్తాను చేరెను. రజ్వీ 1957 వఱకు చెఱలో నుండి, విడుదలై అచ్చటికే పోయెను. సాయుధ పోరాటము మాత్రము ఇండియా సేన వచ్చినంతనే ఆగలేదు; పంచిన భూములు తిరిగి దేశముఖుల చేతికి పోవునని రైతులు పోరాడిరి, 1951 అక్టోబరులో పార్టీ దానిని విరమించెను. ఆ మూడేండ్ల కథ వేఱొక ప్రసంగమునకు తగినది. మన బోధను కర్మాగారము ఆ రాజ్యమును, ఆ తరువాతి రాజ్యములను చూచి 2015 డిసెంబరులో మూతపడెను.

దూదేకుల పెద్దమ్మ తమ్ముడు మంజీరకు ఆవల ఒక పల్లెకు ఇల్లరికపు టల్లుడై పోయినవాడు. దూది ఏకుట తప్ప వేఱు పని యెఱుగడు. ఆ సెప్టెంబరు చివర అక్కను చూచుటకు బయలుదేరి రుద్రూరు చేరలేదు. ఆ వార్త వచ్చిన పిమ్మట పెద్దమ్మ, ఆమె ఇద్దఱు పిల్లలు మా యింటి వెనుకటి కొట్టములో, గడ్డివామి చాటున పదునైదు దినము లుండిరని మా నాయన నాకు చెప్పెను. అప్పుడు మా చిన్న మేనత్త నెలల పిల్ల. నాయనమ్మ గాని పెద్దమ్మ గాని ఆ మాట నాతో ఎన్నడును అనలేదు. అడుగవలెనని నాకు తోచునప్పటికి ఇద్దఱును లేరు.